వత్సలాతాయి నమ్మని తొమ్మిది

వత్సలాతాయి పాలవాణ్ణి నమ్మదు. పాలు పోయించుకున్నాక చూపుడువేలు ముంచి, గోటి మీద చుక్క నిలుస్తుందో జారుతుందో చూసుకున్నాకే గిన్నె లోపలికి పోతుంది. జొన్నలు కొనేటప్పుడు గింజ కొరికి చూస్తుంది. అసలుసిసలు మంగళవేఢా జొన్నలేనని కొట్టువాడు తల్లి మీద ఒట్టేస్తే ఇంకో గింజ కొరుకుతుంది. రవిక గుడ్డ దర్జీకి ఇచ్చేముందు కొలుస్తుంది, కుట్టి తెచ్చాక మిగిలిన పీలికలన్నీ అడిగి తీసుకుని నేల మీద పరిచి మళ్ళీ కొలుస్తుంది. ఆమె భర్త శివశరణప్ప సిటీ బస్సు కండక్టరు, నవ్వుతూ నవ్విస్తూ ఉండే మనిషి. "మా ఇంటామె గుడికి పోయినా హారతి పళ్ళెంల తలకాయ పెట్టి, ఈ కర్పూరం నిన్నటిదా ఇయ్యాల్టిదా అని అడుగుతది" అని అందరి ముందూ అనేవాడు. ఆమెకు కోపం వచ్చేది కాదు. "మరి పూజారి జవాబు చెప్పిండా? చెప్పలే. అది చెప్పు ముందు" అనేది.

ఇటువంటి మనిషి పక్కన నేను పదకొండేళ్ళు పనిచేశాను. నన్ను చూసి జాలిపడేవాళ్ళు పడవచ్చు, నాకేం అభ్యంతరం లేదు.

నా పేరు అంబుబాయి. మా తాత మగ్గం పనికని షోలాపూర్ వచ్చాడు, మిల్లు మూతపడింది, మేం ఇక్కడే ఉండిపోయాం. ఇంట్లో తెలుగు, గడప దాటితే మరాఠీ. డాక్టర్ దేవధర్ గారి రక్తపరీక్షల ల్యాబులో కౌంటర్ దగ్గర కూర్చుని పేర్లు రాసుకోవడం, రిపోర్టులు కొట్టడం నా పని. లోపల రక్తం తీసేదీ యంత్రాలు నడిపేదీ వత్సలా బిరాజ్‌దార్. వయసుకు నాకు తల్లిలాంటిది గాని, ఊరంతా తాయి అని అక్కను చేసుకుంటే నేనూ తాయి అనే అన్నాను.

ఆమె ముందు చెయ్యి చాపినవాళ్ళకు సూది కన్నా ముందు ప్రశ్నలు గుచ్చుకునేవి. "పేరేంది? మొగని పేరేంది? రాత్రి ఏం తిన్నవ్? ఎన్ని గంటలకు? పొద్దున ఏమన్నా మింగినవా? ఛాయ్ తాగలేదా? మరి నోట్లెంచి అల్లం వాసనెందుకు వస్తుంది?" దొరికిపోయినవాళ్ళు నవ్వేవాళ్ళు, దొరకనివాళ్ళు తిట్టుకునేవాళ్ళు. ఒక పెద్దాయన బయటికొచ్చి పంచె సర్దుకుంటూ, "పోలీసు ఠాణాల ఇంతకన్నా మర్యాదగ అడుగుతరు బిడ్డా" అని నాతో మొర పెట్టుకున్నాడు.

యంత్రాన్నీ నమ్మేది కాదు. పరీక్ష కిట్టుతో పాటు వచ్చే పల్చటి కాగితం, మడతలు విప్పితే చాపంత ఉంటుంది, చీమతలకాయలంత అక్షరాలు. అది ఎవరూ చదవరు. ఈమె భూతద్దం పెట్టి మూడు మధ్యాహ్నాలు చదివేది. పరీక్ష అయిపోయాక మిగిలిన సీరం, అంటే రక్తం మీద తేలే నీళ్ళు, వారం దాటితే పారెయ్యాలని డాక్టర్ గారి నియమం. ఈమె వాటిని చిన్న గొట్టాల్లో పోసి, ఫ్రీజర్‌లో ఐసు ముద్దల వెనక నెలల తరబడి దాచేది. "ఎందుకు తాయీ, ఊరగాయ పెడతవా?" అంటే, "ఎప్పుడో ఒకనాడు అబద్ధం ఎవరిదో తేల్చాలె గద" అనేది.

రోహిణి గాడేకర్ మా దగ్గరికి రావడం మొదలుపెట్టేసరికి ఆమెకు నలభై నాలుగేళ్ళు. జిల్లా పరిషత్ బడిలో నాలుగో తరగతి టీచరు. కుడి రొమ్ములో గడ్డ వచ్చి ఆపరేషనైంది, మందులెక్కించారు, జుట్టు ఊడింది, రేడియేషన్ కరెంటు పెట్టారు. అన్నీ అయ్యాక, మూడు నెలలకోసారి రక్తంలో క్యాన్సర్ మార్కర్ ఎంతుందో చూపించుకోమని ఆసుపత్రి పెద్ద డాక్టరు రాసిచ్చాడు. ముప్పై లోపుంటే బాగున్నట్టు. ఆపరేషన్‌కు ముందు ఆమెది యాభై రెండు ఉండేది. తరువాత ఇరవై ఒకటికి దిగింది. ఆ రోజు రోహిణి నా కౌంటర్ మీద చెయ్యేసి, చీటీ చూసి, నవ్వాలో ఏడవాలో తెలియక నా పెన్ను పట్టుకుపోయింది.

వత్సలాతాయి మాత్రం ఒక్క అంకెను పట్టించుకునేది కాదు. "కామెర్లొచ్చినా పెరుగుతది, రక్తం పలచబడ్డా పెరుగుతది, కొందరికి ఏమీ లేకున్నా పెరుగుతది. ఒక్క అంకె ఒక్క మాటసొంటిది, ఎవరన్నా అనొచ్చు. వరుస చూడాలె" అనేది. రోహిణి అంకెల వరుసను తాయి ల్యాబు అలమార తలుపు లోపలివైపు పెన్సిల్‌తో రాసుకుంది. ఇరవై ఒకటి, ఇరవై మూడు, ఇరవై రెండు, ఇరవై ఆరు, ఇరవై తొమ్మిది. ముప్పై దాటలేదు కదా అని మేమందరం ఊపిరి పీల్చుకుంటే, ఈమె ఆ తలుపు తెరిచి ముందు నిలబడి పళ్ళు నూరుకునేది. "లోపల్లోపల మెట్లెక్కుతుంది ముండ" అంది ఇరవై తొమ్మిది వచ్చిన రోజు. ఆసుపత్రి డాక్టరుకూ అదే అనిపించినట్టుంది. వచ్చేసారి ఇంకా పెరిగితే ఒళ్ళంతా స్కాన్ చేయిద్దామన్నాడు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకుండా తప్పించుకోవాలని ఇన్నేళ్ళూ చూశాను.

రోహిణికి ఒక్కడే తమ్ముడు, సుహాస్. ఆ ఏడు మార్గశీర్షంలో అతని పెళ్ళి. మా దగ్గర పెళ్ళికొడుకు వెనకాల కలశం, దీపం పట్టుకుని నిలబడేది అక్కచెల్లెళ్ళు, కరవలి అంటారు. ఉన్న ఒక్క అక్కా రోహిణే. ఫోటోలన్నిటిలో పెళ్ళికొడుకు భుజం మీదుగా కనబడే మొహం ఆమెదే. ఆమె జుట్టేమో మెడ దాకా వచ్చి ఆగిపోయింది, అదీ నడినెత్తిన పలచగా. ఒకరోజు కౌంటర్ దగ్గర ఎవరూ లేనప్పుడు గొంతు తగ్గించి, "అంబూ, నీ జుట్టు పోయినేడు రాలుతుండె గద, ఎట్ల గట్టిపడ్డది?" అని అడిగింది. నేను వాడిన మాత్రలు చెప్పాను. మా చిన్నమ్మ కొడుకు మందుల షాపులో పనిచేస్తాడు, వాడిచేత ఒక డబ్బా తెప్పించి చేతిలో పెట్టాను. ఆమె డబ్బాను సంచి అడుగున, పిల్లల పరీక్ష పేపర్ల కింద పెట్టుకుంది.

"ఎవరికీ చెప్పకు. ప్రాణం మిగిలితే చాలు దేవుడా అని మొక్కిన నోరే ఇది. ఇప్పుడు జుట్టు గూడ కావాలంటే మా ఆడబిడ్డ నవ్వుతది. ముఖ్యంగ మీ తాయికి చెప్పకు, ఆమె నన్ను కోర్టుకీడుస్తది" అంది. చెప్పనని నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాను. రోజుకొకటి వేసుకోవాలని డబ్బా మీద ఉంది. పెళ్ళి దగ్గరపడుతోందని ఆమె మూడు వేసుకుందన్న సంగతి నాకు అప్పుడు తెలియదు.

పెళ్ళికి ఇరవై రోజుల ముందు రక్తమిచ్చింది. వత్సలాతాయి ఎప్పటిలాగే ఎడమ చేతికి పట్టీ కట్టింది, ఆపరేషన్ అయిన వైపు చేతిని ముట్టకూడదు. ఎప్పటిలాగే అడిగింది. "ఏమన్నా మందులు వేసుకుంటున్నవా, డాక్టరు రాసినయి గాక?"

"లేదు తాయీ" అంది రోహిణి.

మధ్యాహ్నం అంకె వచ్చింది. తొమ్మిది.

నేను ఫోన్ చేసేలోపే రోహిణి పేడాల డబ్బాతో వచ్చేసింది. తనే ముందు ఫోన్ చేసి అడిగితే నేను ఆగలేక చెప్పేశాను మరి. దేవధర్ గారు గదిలోంచి బయటికొచ్చి ఒక పేడా నోట్లో వేసుకుని, "చూడండి, మా ల్యాబు చెయ్యి మంచిది" అన్నారు. ఆసుపత్రి డాక్టరు ఫోన్‌లో విని, స్కాన్ ఇప్పుడే అక్కర్లేదు, ఆరు నెలలాగి చూద్దాం అన్నాడట. రోహిణి చేతులు తిప్పుతూ పెళ్ళిచీర రంగు వర్ణిస్తోంది. వత్సలాతాయి లోపలి తలుపు దగ్గర నిలబడి ఉంది, పేడా తీసుకోలేదు.

"రోహిణీ, ఇంకోసారి రక్తమియ్యి" అంది.

"ఎందుకు తాయీ? తొమ్మిది గద."

"తొమ్మిది గాబట్టే."

గదిలో చలికాలపు గాలి దూరినట్టయింది. రోహిణి మొహం మాడిపోయింది. "నాకు మంచిగైతే నీకేం నొప్పి?" అంది. పెద్దమాటే. రోహిణి డబ్బా మూత పెట్టి, నా వైపు కూడా చూడకుండా వెళ్ళిపోయింది.

ఆ తరువాత రెండు రోజులు మా ల్యాబులో మనిషికి మనిషి మీద అనుమానం. దేవధర్ గారు ఆమెను లోపలికి పిలిచి తలుపు వేసుకున్నారు. పల్చటి తలుపు, అన్నీ వినబడ్డాయి. "వత్సలాబాయి, మంచి రిపోర్టు ఇచ్చిన ల్యాబుకు పేరొస్తది. నువ్వేమో పేషెంటు ముందే మన మెషీన్ మీద మన్ను పోస్తవు. ఎదురు సందు ల్యాబువాళ్ళు నిన్నేమన్నా పిలిచిండ్రా?" ఆమె గొంతు మామూలుగానే ఉంది. "పిలిచిండ్రు సార్, మూడేళ్ళ కింద. వాళ్ళ ఫ్రిజ్జు చూసి వాపసొచ్చిన."

ఆమె వంతు అనుమానం నా మీద పడింది. గొట్టాల మీద పేర్లు అతికించేది నేనే. "ఆ రోజు గాడేకర్ గొట్టం మీద ఇంకెవరి పేరన్నా అతికినవా? నిజం చెప్పు, ఏమనను." నాకు ఒళ్ళు మండిపోయింది. అన్నేళ్ళలో ఒక్క చీటీ తప్పు అతికించలేదు నేను. "నీ మొగని టికెట్లు లెక్కబెట్టుకో పో, నన్నడగకు" అన్నాను. ఆమె తలూపి లోపలికెళ్ళి, ఐసు వెనకనుంచి రోహిణి పాత గొట్టం, ఇరవై తొమ్మిది వచ్చినది, బయటికి తీసింది. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి ఒకేసారి యంత్రంలో వేసింది. పాతది ఇరవై ఎనిమిదిన్నర. కొత్తది తొమ్మిది. రక్తం గ్రూపు చూసింది, రెండూ ఒకటే. యంత్రం తప్పు కాదు, నా తప్పూ కాదు.

"అంటే నిజంగనే తగ్గింది" అన్నాను, దెప్పిపొడుస్తూ.

"మందేమీ లేకుండ, మూడు నెలలల్ల, ఇరవై తొమ్మిది తొమ్మిదెట్లయితది? నాకు చెప్పు, నేను నమ్ముత."

జవాబు నా దగ్గరే ఉంది, కాని అది జవాబని నాకు తెలియదు. ఆమె నన్ను సూటిగా అడిగింది కూడా. "నీతో మంచిగుంటది గద, ఏమన్నా వేసుకుంటున్న అని చెప్పిందా?" నేను "లేదు" అన్నాను. నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాను కదా. జుట్టు మాత్రలకూ క్యాన్సర్‌కూ ఏం సంబంధం అని కూడా అనుకున్నాను. పైగా ఈమె చేతికి చిక్కితే రోహిణి పరువు సందుసందునా తిరుగుతుందని భయం.

ఆ సాయంత్రం ల్యాబు మెట్ల మీద ఛాయ్ తాగుతూ మొదటిసారి ఆమెను అడిగాను. "ఎందుకు తాయీ నీకింత అనుమానం? ఎవరు మోసం చేసిండ్రు నిన్ను?"

"ఎవరూ చెయ్యలే. నేనే చేసిన."

ఇరవై రెండేళ్ళప్పుడు, చదువు అయిపోగానే, ఓ పల్లెటూరి సంతపేటలో ఒక చిన్న ల్యాబులో చేరిందట. ఊరి పేరు చెప్పలేదు. అక్కడ రక్తం తీసి, గొట్టాలు మోరీలో ఒంపేసి, అంకెలు చేత్తో రాసిచ్చేవాళ్ళు. యజమాని చెప్పాడు, ఈమె రాసింది. మనిషి మొహం చూసి, బక్కగా ఉంటే తక్కువ, లావుగా ఉంటే ఎక్కువ. మూడు నెలలు. "ఒక బాలింత వచ్చింది, మొహం పచ్చగుంది. రక్తం పదకొండు, మంచిగుందని రాసిన. వారానికి ఆమె అత్త ఒక్కతే వచ్చింది, రిపోర్టు వాపసిచ్చి పోయింది. నన్నేమీ అనలే." ఛాయ్ గ్లాసు అటూ ఇటూ తిప్పింది. "అంకె కాగితమ్మీద అచ్చయితే మనుషులు నమ్ముతరే అంబూ. నాకు తెలుసు, రాసిన చెయ్యి నాదే గద."

అప్పుడైనా నేను చెప్పాల్సింది. చెప్పలేదు. ఆమె మీద జాలిపడి, ఖాళీ గ్లాసులు కడగడానికి లేచాను, అదే నాకు ఇప్పటికీ సిగ్గు.

పెళ్ళికి తొమ్మిది రోజుల ముందు రోహిణి పుట్టింట్లో గాజుల పండుగ. గాజులవాడు ఇంటికే వచ్చి పెళ్ళివారి ఆడవాళ్ళందరికీ ఆకుపచ్చ గాజులు తొడుగుతాడు. నన్ను పిలిచింది. వత్సలాతాయిని పిలవలేదు. బయల్దేరబోతుంటే ఈమె పట్టుచీర కట్టుకుని మా వీధి మలుపులో నిలబడి ఉంది.

"నిన్ను పిలవలే గద తాయీ."

"పిలవకుంటే గాజులు తొడగడా ఏంది? పద."

ఇల్లు నిండా ఆడవాళ్ళు. వేరుశనగ చట్నీ వాసన, గాజుల గలగల, ఒకరి మీద ఒకరు పడి నవ్వులు. రోహిణి వత్సలాతాయిని చూసి క్షణం బిగుసుకుపోయి, పీట వేసింది. ఇంటికొచ్చిన ముత్తైదువను పొమ్మనలేదు కదా. గాజులవాడు రోహిణి కుడిచెయ్యి పట్టుకుని తంటాలు పడుతున్నాడు. ఆపరేషన్ తరువాత ఆ చెయ్యి వాచి ఉంటుంది, ఎడమ చేతికి ఎక్కిన గాజు కుడిచేతికి ఎక్కదు. వాడు సబ్బు నురగ రాసి మెల్లగా తోస్తుంటే, ఆమె ఆడబిడ్డ వెనకనుంచి జుట్టు మీద చెయ్యేసింది.

"ఏందమ్మా, జుట్టు ఒత్తుగైనట్టుంది! ఏం రాస్తున్నవ్, మాకూ చెప్పు."

"ఏం లేదు, కొబ్బరినూనె" అంది రోహిణి. అని, ఒక్క చూపు నావైపు చూసింది. రెప్పపాటు. అంతమందిలో ఆ చూపు ఎవరికీ అందలేదు, ఒక్కరికి తప్ప.

వత్సలాతాయి నా మోచెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది. "ఆమె నిన్నెందుకు చూసింది?"

"ఎప్పుడు?"

"అంబూ. కొబ్బరినూనె అని నిన్నెందుకు చూసింది?"

పొయ్యి మీద నూనె కాగుతోంది. పోపు మాడిపోతుందని ఎవరో అరుస్తున్నారు. "మాత్రలు తాయీ. జుట్టుకు. నేనే ఇచ్చిన."

ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "పేరు?" అంది.

పేరు గుర్తుకు రాలేదు, డబ్బా రంగు చెప్పాను. ఆమె నేరుగా రోహిణి దగ్గరికి వెళ్ళి, గాజులవాడి చేతిలోంచి ఆమె చెయ్యి తీసుకుని, వాచిన మణికట్టును నిమురుతూ చెవిలో ఏదో అంది. రోహిణి లేచి గదిలోకి నడిచింది, వెనకే మేమిద్దరం. సంచి అడుగునుంచి డబ్బా వచ్చింది. వత్సలాతాయి కళ్ళజోడు నుదుటికెత్తి, డబ్బాను ముక్కుకానించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చదివింది.

"బయోటిన్. పది మిల్లీగ్రాములు. ఎన్ని వేస్తున్నవ్?"

"మూడు."

"రోజుకు మూడా! రక్తమిచ్చిన రోజు?"

"పొద్దుగాల వేసుకునే వచ్చిన. నీళ్ళతోటే, పరిగడుపునే."

వత్సలాతాయి మంచమ్మీద కూర్చుంది. "నేను అడిగిన గదనే. మందులేమన్నా వేసుకుంటున్నవా అని నోరు విడిచి అడిగిన గద."

"ఇది మందెట్లయితది తాయీ?" రోహిణి నిజంగా తెలియకే అడిగింది. "రోగానికి వేసుకునేది మందు. ఇది జుట్టుది. కాటుక పెట్టుకున్ననా అని నువ్వడగవు గద."

నేను కూడా ఆమె చోట ఉంటే అదే అనేదాన్ని. మా ఊళ్ళో ఏ ఆడదైనా అదే అంటుంది.

వత్సలాతాయి మాకు విడమర్చి చెప్పింది. ఆ చీమతలకాయల కాగితంలో ఉందట. మా యంత్రం రక్తంలో మార్కర్‌ను పట్టుకోవడానికి ఒక జిగురు వాడుతుంది, ఆ జిగురులో ఉండేది ఈ బయోటిన్ విటమినే. మనిషి ఇంతింత మింగి వస్తే, జిగురు అంటుకునే చోట్లన్నీ ముందే నిండిపోతాయి. మార్కర్ ఎంతున్నా యంత్రానికి చిక్కదు. చిక్కింది కొంచెమే కాబట్టి ఉన్నది కొంచెమే అని రాసిస్తుంది.

"అంటే తొమ్మిది కాదా?" అంది రోహిణి.

"ఎంతో నాకు తెల్వదు. తొమ్మిది మాత్రం కాదు."

బయట ఎవరో పెళ్ళిపాట ఎత్తుకున్నారు. రోహిణి నా వైపు చూసింది. ఆ చూపులో కోపముంటే బాగుండేది. నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆమెకు సాయం చేశాననుకున్నాను, చేసింది ఇది. ఆమే నా నెత్తి నిమిరి, "నేనే గద అడిగింది" అంది.

మాత్రలు మానేసి మూడు రోజులాగి, పెళ్ళికి ఆరు రోజుల ముందు వచ్చి రక్తమిచ్చింది. పట్టీ కట్టించుకుంటూనే షరతు పెట్టింది. "తాయీ, అంకె నాకు పెళ్ళి మరునాడు చెప్పు. ఆరు రోజులల్ల ఏం మునుగుతది? సుహాస్ వెనుక నిలబడాలె నేను. అంకె నెత్తిమీద పెట్టుకుని నిలబడలేను." వత్సలాతాయి వెళ్ళి దేవధర్ గారిని అడిగింది. ఆయన తొమ్మిదికి పేడా తిన్న మనిషి, తలొంచుకుని సరేనన్నారు.

అంకె ఆ సాయంత్రమే వచ్చింది. నాకు చూపించలేదు. నేను అడగలేదు. ఆమె అలమార తలుపు తెరిచి పెన్సిల్ తీసుకుని, ఏమీ రాయకుండానే మూసేసింది. నాకు అర్థమైంది.

పెళ్ళిరోజు కల్యాణమంటపం నిండా జనం. రోహిణి ఆకుపచ్చ పైఠణీ పట్టుచీర కట్టింది. ఉన్న జుట్టునే చుట్టి, లోపల ఊలు ముద్ద పెట్టి, దాని చుట్టూ మల్లెల గజ్రా తిప్పింది. ఎంత బాగుందో, చూస్తుంటే నా కళ్ళు నిండాయి. ముహూర్తానికి కాస్త ముందు మా వరసలోకి వచ్చి వత్సలాతాయి ముందు నిలబడింది.

"వచ్చినవా తాయీ."

"వచ్చిన. చీర బాగుందే నీది."

"రిపోర్టయిందా?"

"ఇంకా లేదు. మెషీన్ల ఏదో ముక్క పోయింది, ముంబై నుంచి రావాలె."

రోహిణి ఆమెనే చూస్తూ నిలబడింది. "నన్ను చూస్తే ముందు ఏం తిన్నవని అడుగుతవ్. నిద్ర పట్టిందా అని అడుగుతవ్. మాత్రలు నిజంగ మానేసినవా అని పది తీర్ల అడుగుతవ్. ఇయ్యాల ఒక్కటి అడగలే. చీర బాగుందన్నవ్."

"బాగుంది గద మరి."

"ఎన్నడన్నా ఎవరి చీరనన్నా బాగుందన్నవా తాయీ నువ్వు?"

లోకంలో అందరి అబద్ధాలూ పసిగట్టే మనిషికి ఒక్క అబద్ధం ఆడటం చేతకాలేదు. చివరికి తన మామూలు గొంతుతో అడిగింది. "నడుమేమన్నా నొస్తుందా?"

"రెండు నెలలైంది" అంది రోహిణి. "రాత్రులు పక్కకు తిరిగి పడుకోలేను. ఎవరికీ చెప్పలే. తొమ్మిదొచ్చింది గద, ఇంకెందుకు చెప్పాలని ఊకున్న."

అంతలో కరవలి ఎక్కడ, కరవలి ఎక్కడ అని కేకలు. ఆమె వెళ్ళి కలశం అందుకుంది. అంతర్‌పాట అనే అడ్డుతెర వెనక తమ్ముడు, తమ్ముడి వెనక ఆమె. మంగళాష్టకాలు ఒకటి తరువాత ఒకటి సాగాయి, జనం సావధాన్ అన్నప్పుడల్లా అక్షతలు విసిరారు. కలశం మీద దీపం ఆమె మొహానికి దగ్గరగా వెలుగుతోంది. నడుము నొప్పితో అంతసేపు ఎలా నిలబడిందో నాకు తెలియదు. వత్సలాతాయి అక్షతలు వెయ్యడం మరిచిపోయి గుప్పిట్లోనే పట్టుకుని కూర్చుంది.

జబ్బు వెన్నులో రెండు చోట్ల పట్టిందని ఆ వారంలోనే స్కాన్‌లో తేలింది. ఎముక విరగకముందే దొరికిందని, ఆరు నెలలు ఆగి ఉంటే మంచమ్మీదే తెచ్చేవాళ్ళని పెద్ద డాక్టరు అన్నాడు. మందులు మార్చారు. నాలుగేళ్ళైంది, రోహిణి ఇప్పటికీ నాలుగో తరగతికే పాఠాలు చెబుతోంది. ఎన్నాళ్ళని ఎవరూ చెప్పరు, అంకెలు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి.

కాని నాకు గుర్తుండిపోయింది పెళ్ళి మరునాటి పొద్దు. నేను ల్యాబు తాళం తియ్యడానికి వచ్చేసరికి రోహిణి మెట్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది, కొప్పులో గజ్రా వాడిపోయి. వత్సలాతాయి సందు చివరనుంచి నడిచొచ్చింది. సంచిలోంచి చీటీ తీసి ఇచ్చింది. అరవై ఒకటి.

రోహిణి చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివింది. "తాయీ, దీన్ని నమ్మాల్నా?"

"మూడుసార్లు చేసిన. పాత గొట్టం పక్కన పెట్టి చేసిన. ఇంకో కిట్టు తెరిచి చేసిన." వత్సలాతాయి ఆ చీటీని మడిచి ఆమె గుప్పిట్లో పెట్టింది. "నమ్మమ్మా. నేను నమ్మిన."

రోహిణి లేచి నా భుజం ఆసరా తీసుకుంది. నేను తాళంచెవి వత్సలాతాయి చేతిలో పెట్టి, రోహిణితో పాటు ఆసుపత్రికి నడిచాను.